కొత్త కంపెనీలో పెద్ద కొలువు: ఆదాయ వ్యయ విచారణ

(మన తెలుగు సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకు ముందే శాస్త్రిగారు పంచాంగ శ్రవణం గావించి, ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని వినిపించినారు. ఆదాయం తక్కువైనవారు చిన్నబుచ్చుకున్నారు, ఎక్కువైనవారు పక్కవారి ముఖం చూసి నవ్వుకున్నారు. ఈ నాలుగు పద్దులను ఆధారం చేసుకుని, నేడు మన ఇండ్లలో తరచుగా తలెత్తుతున్న ఒక ప్రశ్నను విచారించవలెనని మా సంకల్పం. నిన్న మొన్న పుట్టిన కంపెనీవారు మన పిల్లవాణ్ణి పిలిచి, నీవే మా అమ్మకాల శాఖకు అధిపతివి, వచ్చి చేరుము అంటే, చేరవచ్చునా, చేరరాదా అన్నది ఆ ప్రశ్న.

మేము మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా కుదిరినవారము. వ్యాపార శాస్త్రం మాకు రాదు. అయితే మన వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా అది మా ఇంటికి రావడం ఆనవాయితీ అయినది. వెనుక రేషను కార్డు దరఖాస్తులు, మిల్లు లెక్కల కాగితాలు వచ్చేవి. ఇప్పుడు హైదరాబాదు నుండి, పూణె నుండి, బెంగుళూరు నుండి నియామక పత్రాలు సెల్‌ఫోన్లో వస్తున్నవి. వాటిమీద సేల్స్ హెడ్డు, వైస్ ప్రెసిడెంటు అని గొప్ప గొప్ప పేర్లు ఉంటున్నవి. వయసు చూస్తే ఇరవై ఎనిమిది, ముప్పై.

ఈ కంపెనీలను స్టార్టప్పులంటున్నారు. అంగడికీ దీనికీ భేదం ఏమంటే, అంగడివాడు గిరాకీ ఉన్న సరకు తెచ్చి అమ్ముతాడు; స్టార్టప్పువాడు కొత్త సరకు ఒకటి తయారుచేసి, దానికి గిరాకీ ఉన్నదా అని వెదుకుతాడు. వెదికినన్నాళ్లూ జీతాలు ఇతరులు పెట్టిన పెట్టుబడిలోంచి పోతవి. పెట్టుబడి అయిపోయేలోగా గిరాకీ దొరికితే కంపెనీ నిలుస్తుంది, దొరకకపోతే తలుపు మూస్తుంది. 2016 జనవరిలో కేంద్ర ప్రభుత్వం వీటికోసం ప్రత్యేక పథకం ప్రారంభించినది. అంతకు రెండు నెలల ముందే, 2015 నవంబరులో, హైదరాబాదులో టీ-హబ్ వెలసినది. అప్పటి నుండి ఈ గాలి మన నాందేడుకు కూడా సోకినది.

మనవారు ఈ ఊరికి వచ్చినది నికరమైన కొలువు కోసం. కొందరు మగ్గాల పనికి, మిల్లు పనికి వచ్చినారు. కొందరు మట్టి పనికి, రాళ్ల పనికి వచ్చినారు. మావంటి వారిని రైల్వే తెచ్చినది. 1956లో భాషల వారీగా హద్దులు మారినప్పుడు భైంసా, ముధోలు ప్రాంతాలు అటు పోయినవి, కిన్వట్ తాలూకా ఇటు వచ్చినది. ఎక్కడికీ కదలకుండానే ప్రవాసులైనవారు కూడా మనలో ఉన్నారు. ఇటువంటి వారికి నెల తిరిగేసరికి వచ్చే జీతం అంటే దేవుడి ప్రసాదం. అందుచేత కొత్త కంపెనీ అనగానే పెద్దలు ఒక్కసారిగా వద్దంటారు. పిల్లలు అంతే తొందరగా సరే అంటారు. ఇద్దరూ లెక్క చూడరు. లెక్క అడిగితే వచ్చిన అవకాశం చేజారుతుందేమో, ఇచ్చేవారికి కోపం వస్తుందేమో అన్న జంకు కూడా మనవారిలో కద్దు.

ఆ జంకు అక్కరలేదనడానికి మా రైల్వే చరిత్రలోనే నిదర్శనం ఉన్నది. నేడు మనం మన్మాడుకూ సికింద్రాబాదుకూ ప్రయాణం చేసే ఈ మార్గాన్ని వెనుక నడిపిన సంస్థ పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. అందులో గ్యారంటీడ్ అన్న మాట ఎందుకు వచ్చినదో చాలామందికి తెలియదు. 1883లో ఇంగ్లండులో ఆ కంపెనీకి పెట్టుబడి సమకూర్చినప్పుడు, మదుపుదారులు మాటలకు లొంగలేదు. రైళ్లకు రాబడి వచ్చినా రాకపోయినా ఇరవై ఏండ్లపాటు నూటికి అయిదు వంతున ముట్టజెప్పే పూచీ నిజాం ప్రభుత్వం వహించవలసి వచ్చినది. లక్షలు ఉన్నవారే పూచీ లేనిదే డబ్బు తీయలేదు. నెల జీతం తప్ప మరొకటి లేని మనవాడు పూచీ ఏదని అడిగితే తప్పెట్లా అవుతుంది?

అదే 1883లో హైదరాబాదులో మరొక సంగతి జరిగినది. చాందా వైపు రైలు మార్గం వేసే ఆ ఒడంబడికలో ఏమున్నదో ప్రజలకు తెలియజేయండి, షరతులు ప్రకటించండి అని కొందరు విద్యావంతులు సభ చేసి కోరినారు. వారిలో ముఖ్యుడు అఘోరనాథ చటోపాధ్యాయ, మన సరోజినీ నాయుడు గారి తండ్రి. అడిగినందుకు ఆయనను రాజ్యం విడిచి పొమ్మన్నారు. షరతులు చూపండి అన్నవానిమీద ఆగ్రహించేవారి దగ్గర, ఆ షరతుల్లో ఏదో చిక్కు ఉన్నదని అనుమానించడం న్యాయమే గదా. కొలువు విషయంలో కూడా అంతే. చేరకముందు లెక్క అడిగితే మొగం మాడ్చుకునే యజమాని, చేరిన తరువాత జీతం అడిగితే ఎట్లా ఉంటాడో ఊహించవచ్చు.

ఇక కొత్త కంపెనీలన్నీ మోసమే అని అనుకోరాదు. మనకు దగ్గరి ఉదాహరణ ఒకటి చెపుతాము. మన రైలు మార్గంలోనే బాసర దాటితే వచ్చేది నిజామాబాదు. ఆ వైపువాడే ఫణీంద్ర సామ. బెంగుళూరులో ఇంజనీరుగా ఉంటూ 2005 దీపావళికి ఇంటికి పోదామంటే బస్సులో సీటు దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నవో ఒక్కచోట చెప్పేవారే లేరు. ఆ ఇబ్బందిలోంచి 2006లో సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు అన్న మిత్రులతో కలిసి రెడ్‌బస్ స్థాపించినాడు. 2013లో ఐబిబో అనే సంస్థ దానిని కొన్నది. 2018లో తెలంగాణ ప్రభుత్వం ఫణీంద్రను తన ఇన్నోవేషన్ శాఖకు ముఖ్యాధికారిగా నియమించినది.

ఈ కథలో అందరూ చెప్పుకునేది కంపెనీ అమ్ముడుపోయిన ధర. మేము గమనించమనేది మరొకటి. మొదట్లో బస్సుల యజమానుల దగ్గరకు స్వయంగా వెళ్లి, మా ద్వారా అమ్మడానికి మీ సీట్లు కొన్ని ఇవ్వండి అని అడిగినవారు ఆ ముగ్గురు ఇంజనీర్లే. వారికి అమ్మకం పని రాదు. అయినా తామే తిరిగినారు. అందువల్ల సరకు ఎవరికి కావాలో, ఎందుకు వద్దంటున్నారో వారికి సొంత చెవులతో తెలిసినది.

దీనికి విరుద్ధమైన కథ కూడా వినండి. 2014లో బొంబాయిలో టైనీఔల్ అని, ఇంటికి భోజనం చేర్చే కంపెనీ ఒకటి పుట్టినది. పేరున్న మదుపుదారులే డబ్బు పెట్టినారు. ఊరూరా శాఖలు తెరిచినారు. 2015లో ఎంతోమందిని పనిలోంచి తీసివేసినారు. ఆ నవంబరులో పూణె కార్యాలయంలో, రావలసిన డబ్బు ముట్టజెప్పేదాకా కదలనివ్వము అని పనివారు స్థాపకులలో ఒకరిని బయటికి పోనివ్వలేదు. 2016లో ఆ కంపెనీ మరొకదానిలో కలిసిపోయినది. పెట్టుబడి పెట్టినవారి పేరు పెద్దదైనంత మాత్రాన మన జీతానికి పూచీ దొరికినట్లు కాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. గత సంవత్సరం వానాకాలంలో మన వీధి కుర్రవాడొకడు మా దగ్గరకు ఒక పత్రం తెచ్చినాడు. పేరు చెప్పము, ఊహించినవారు కూడా బయటికి అనవద్దని మనవి. విత్తనాల కంపెనీలో తొమ్మిదేండ్లుగా ఊళ్లు తిరిగి సరకు అమ్ముతున్నవాడు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, ఎక్కడికి పోయినా హిందీ. ధర్మాబాదు, దెగ్లూరు, భైంసా, నిజామాబాదులలో ఎరువుల దుకాణాలవారు అతణ్ణి పేరు పెట్టి పిలుస్తారు. హైదరాబాదులో రెండేండ్ల కింద పుట్టిన కంపెనీ ఒకటి, ఎరువులు విత్తనాల దుకాణాలకు బిల్లులు, అప్పు పద్దులు సెల్‌ఫోన్లోనే రాసుకునే ఏర్పాటు తయారుచేసినది. దానికి ఇతణ్ణి సేల్స్ హెడ్డుగా రమ్మన్నారు. జీతం ఏడాదికి 9 లక్షల 60 వేలు, పైగా కంపెనీలో నూటికొక వాటా.

"అన్నా, నెలకు ఎనభై వేలు. ఇప్పుడొచ్చేది నలభై అయిదు. ఇంకేం ఆలోచించాలె?" అన్నాడు.

పంచాంగం తీయమన్నాము. అతడు నవ్వినాడు గాని, మేము అన్నది నాలుగు పద్దుల సంగతి.

మొదటి పద్దు ఆదాయం. పత్రం రెండవ పుట చదివితే, 80 వేలలో నికరంగా చేతికి వచ్చేది 40 వేలు. తక్కిన 40 వేలు నిర్ణయించిన అమ్మకం పూర్తి అయితేనే. అనగా నికరమైన జీతం పెరగడం మాట అటుంచి, అయిదు వేలు తగ్గినది. అతని ఇంటి ఖర్చు రాసినాము. ఇంటి అప్పు వాయిదా 14 వేలు, తండ్రి మందులు 6 వేలు, పాప బడి 4 వేలు, తిండి తిప్పలు 12 వేలు. వెరసి 36 వేలు. హైదరాబాదులో ఒంటరిగా గది, భోజనం అంటే మరొక 10 వేలు. 40 వేల రాబడికి 46 వేల ఖర్చు. మొదటి నెలలోనే అప్పు.

ఆదాయంలోనే వాటాల సంగతి ఒకటి ఉన్నది. ఇది మన పిల్లలను ఎక్కువగా భ్రమపెడుతున్నది గనుక కొంచెం వివరిస్తాము. వాటా ఇస్తామంటే, చేరిన రోజునే చేతిలో పెడతారని కాదు. ఇంత కాలం పనిచేస్తే, ఇంత ధరకు కొనుక్కునే హక్కు ఇస్తారు. కంపెనీల చట్టం కింద ఉన్న నియమాల ప్రకారం ఆ హక్కు చేతికి రావడానికి కనీసం ఒక ఏడాది గడవవలె. సాధారణంగా నాలుగేండ్లలో విడతలుగా వస్తుంది. పదకొండవ నెలలో పొమ్మంటే ఏమీ రాదు. హక్కు వాడుకుని వాటా కొన్నప్పుడు, అప్పటి విలువకూ మనం ఇచ్చిన ధరకూ గల తేడాను జీతంగానే ఎంచి పన్ను వేస్తారు. ఆ వాటా కొనే నాథుడు ఇంకా కనపడకపోయినా పన్ను మాత్రం వస్తుంది. కొన్ని అర్హత గల కంపెనీల విషయంలో దానిని కొంతకాలం వాయిదా వేసే సవరణ 2020లో తెచ్చినారు గాని, మన కంపెనీ ఆ జాబితాలో ఉన్నదా అని అడిగి తెలుసుకోవలె.

మరొక కిటుకు. మదుపుదారులకు తమ డబ్బు ముందుగా తీసుకునే హక్కు తరచుగా ఉంటుంది. వారు 8 కోట్లు పెట్టి, కంపెనీ 10 కోట్లకు అమ్ముడుపోయినదనుకోండి. పది కోట్లలో నూటికొకటి అంటే పది లక్షలని మనవాడు సంబరపడతాడు. వారు తమ 8 కోట్లు ముందు తీసుకుంటే, తక్కినవారి వాటాలన్నీ మిగిలిన రెండు కోట్లలోనే పంచవలె. కాబట్టి వాటాలు ఇస్తే వద్దనవద్దు. కాని ఇంటి ఖర్చు లెక్కలో వాటిని సున్న అని రాయండి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇటువంటి చోటనే పుట్టి ఉంటుంది.

రెండవ పద్దు వ్యయం. చేరితే ఏమేమి పోతవి? ఇరవైమందికి తక్కువ ఉన్న సంస్థలకు భవిష్యనిధి చట్టం నిర్బంధం కాదు. ఆ కంపెనీలో ఉన్నది పదకొండుమంది. కాబట్టి యజమాని కట్టే భాగం ఆగిపోతుంది. ఇక్కడ ఒక మాట. పాత కొలువులోని నిధిని వెంటనే తీసి ఖర్చుపెట్టే అలవాటు మన పిల్లల్లో ఉన్నది. అది తగదు. దానిని ఉన్నచోట ఉండనిచ్చి, తరువాతి కొలువుకు బదిలీ చేయించుకోవలె. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో లేనిదే ఇటువంటి కొలువుకు కాలు కదపరాదని మా అభిప్రాయం. మనవాడికి కావలసినది 2 లక్షల 16 వేలు. ఉన్నది 90 వేలు.

మూడవ పద్దు రాజపూజ్యం. హెడ్డు అన్నారు సరే, తల కింద మొండెం ఎక్కడ? ఆ కంపెనీలో అమ్మకాల శాఖలో అంతవరకు ఒక్కరూ లేరు. హెడ్డూ ఇతడే, చేతులూ ఇతడే, కాళ్లూ ఇతడే. పేరు గొప్ప ఊరు దిబ్బ కాకుండా ఉండాలంటే అధికారం ఏమిటో అడగవలె. ధరలో పది రూపాయలు తగ్గించే అధికారం ఉన్నదా? ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకోవచ్చునా? కొన్నవాడు ఫిర్యాదు చేస్తే దానిని సరిచేసే ఇంజనీరు ఇతని మాట వింటాడా?

నాలుగవ పద్దు అవమానం. మిగతా మూడు పద్దులకంటె ఇది ముఖ్యం. అమ్మకం కాకపోతే కంపెనీలో మొదట పోయేది అమ్మకాల అధిపతి తల. సరకులో లోపమున్నా, ధరలో లోపమున్నా, నింద ఇతనిమీదనే. కాబట్టి నిర్ణయించిన అమ్మకం సాధ్యమైనదేనా అని ముందుగానే చూడవలె. మొదటి ఏడాది 500 దుకాణాలు అని పత్రంలో ఉన్నది. మేము కాగితం మీద వేసినాము. మనవాడి అనుభవంలో ఒక దుకాణదారు అవుననడానికి గాని కాదనడానికి గాని మూడుసార్లు పోవలె. నలుగురిలో ఒకడు కొంటాడు. 500 మంది కొనాలంటే 2,000 మంది దగ్గరకు, అంటే 6,000 సార్లు పోవలె. రోజుకు నాలుగు దుకాణాల చొప్పున, నెలకు పాతిక రోజులు తిరిగితే నెలకు 100. మొత్తం 60 నెలలు. ఒక ఏడాది పని అన్నది ఒక్క మనిషికి అయిదేండ్ల పని. పత్రం రాసినవారు దురుద్దేశంతో రాసి ఉండరు. ఎవరూ లెక్క వేసి ఉండరు, అంతే.

నాలుగు పద్దులు చూసిన తరువాత అన్నిటికీ మూలమైన ప్రశ్న ఒకటి మిగిలినది. ఇంతవరకు ఈ సరకును ఎవరు అమ్మినారు, ఎవరికి అమ్మినారు, వారు రెండవసారి డబ్బు ఇచ్చినారా? స్థాపకుడే కొందరికి అమ్మి, వారు మళ్లీ కొన్నట్లయితే, మనవాడు చేయవలసినది ఆ పనిని పెంచడం. ఎవరూ అమ్మకుండానే హెడ్డును పిలుస్తున్నారంటే, గిరాకీ ఉన్నదా లేదా అన్న పరీక్షకు మనవాణ్ణి పంపుతున్నారని అర్థం. ఆ పరీక్ష కూడా గౌరవమైన పనే. కాని దానికి జీతం వేరు, గడువు వేరు, నింద వేరు. ఈ రెండు పనుల్లో ఏది మనకు ఇస్తున్నారో తెలియకుండా సంతకం పెట్టరాదు. లైన్ క్లియర్ రానిదే డ్రైవరు ముందు సెక్షనులోకి బండిని పోనివ్వడు. స్టేషను మాస్టరుమీద అపనమ్మకంతో ఆగడు, బండిలో ఉన్నవారి ప్రాణాలకోసం ఆగుతాడు.

మనవాడు యజమానికి ఫోను చేసి, మీ కొనుగోలుదారులను నేను చూడవచ్చునా అని అడిగినాడు. అడిగేటప్పుడు చేతులు వణికినవని తరువాత చెప్పినాడు. ఆయన పాపం మంచివాడు, నలభై దుకాణాల పట్టీ పంపినాడు. సెలవు రోజుల్లో మనవాడు వాటిలో ఎనిమిదింటికి పోయినాడు. ముగ్గురు డబ్బు ఇచ్చి వాడుతున్నారు, అయిదుగురు ఉచితంగా వాడుతున్నారు. ఆ ముగ్గురిలో ఇద్దరు రెండవ ఏడాది కూడా డబ్బు కట్టినారు. ముగ్గురికీ అమ్మినవాడు యజమానే. భైంసాలో ఒకాయన, బిల్లు తెలుగులో రాకపోతే రైతు నమ్మడు బిడ్డా అన్నాడట. ధర్మాబాదులో మరొకాయన అదే మాట మరాఠీ గురించి అన్నాడట. ఇది ఏ కార్యాలయంలో కూర్చున్నా తెలిసే సంగతి కాదు. రెండు భాషల సరిహద్దులో పుట్టి పెరిగిన మన పిల్లవాడికి గల విలువ ఏమిటో అక్కడ తేలినది. మనకు మూడు భాషలు రావడం మన గొప్ప అని మనం ఎన్నడూ అనుకోము. వ్యాపారికి అది పెట్టుబడి. దానికి ధర అడుగవచ్చును.

కంపెనీ చేతిలో డబ్బెంత అని కూడా అడిగినాడు. బ్యాంకులో 54 లక్షలు, నెల ఖర్చు 6 లక్షలు. అంటే తొమ్మిది నెలల ఊపిరి. ఇతడు, ఇద్దరు కుర్రాళ్లు చేరితే ఖర్చు 6 లక్షల 90 వేలు; అప్పుడు ఎనిమిది నెలలైనా నిండదు. నోటిమాటతో ఆగనక్కర లేదు. రిజిస్టరైన కంపెనీ డైరెక్టర్లెవరు, తాకట్లు ఏమున్నవి అన్నది కేంద్ర ప్రభుత్వపు కంపెనీల శాఖవారి వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. స్వల్ప రుసుము చెల్లిస్తే కంపెనీ దాఖలు చేసిన లెక్కలు కూడా చూపిస్తారు. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు బావిలో నీళ్లున్నవా అని తొంగి చూస్తాము గదా, ఇదీ అంతే.

ఆ ఆదివారం వారి ఇంట్లో కూర్చున్నాము. తండ్రి వద్దంటాడనే మేమనుకున్నాము. ఆయన ఒక మిల్లులో ఇరవై రెండేండ్లు పనిచేసినవాడు. కొంతసేపు ఊరకున్నాడు.

"పర్మినెంటు అని చెప్పిన మిల్లే మూతబడ్డది. ఎన్ని నెలలుంటదో నాకెవ్వరూ చెప్పలేదు. వీనికి తొమ్మిది నెలలని ముందే చెప్తున్నరు. చెప్పేటోడు మేలు," అన్నాడు.

అతని భార్య మాత్రం వదలలేదు. "బావగారూ, తొమ్మిది నెలల తరువాత మామయ్య మందులు ఆగవు గదా. ఆ సంగతి కాగితంలో ఎక్కడున్నది?" అని అడిగినది. అప్పటికి మేము చదివిన పుటలన్నిటికంటె ఆ ప్రశ్న పెద్దది. దానికి జవాబు దొరికిన తరువాతనే ముందుకు పోవలెనని అందరమూ ఒప్పుకున్నాము.

మనవాడు యజమానికి తన షరతులు రాసి పంపినాడు. నికర జీతం 50 వేలు. కాపురం నాందేడులోనే, తిరుగుడు సరిహద్దు జిల్లాల్లో. ఇద్దరు కుర్రాళ్లు. మొదటి ఏడాది 100 దుకాణాలు. వంద దుకాణాలకు పై లెక్క ప్రకారం 1,200 సార్లు పోవలె. ముగ్గురు తిరిగితే నాలుగు నెలల పని. కుర్రాళ్లకు నేర్పడానికి, వానలకు, పండుగలకు మిగిలిన కాలం. కమీషను ఆర్డరు రాసినప్పుడు గాక డబ్బు వసూలైనప్పుడు లెక్కించుకోండి, కాని నేను మానుకున్న తరువాత వసూలైనా నా ఆర్డరుకు నాకు ఇవ్వండి. పొమ్మనవలసి వస్తే రెండు నెలల నోటీసు గాని, జీతం గాని. బిల్లులు తెలుగు, మరాఠీ భాషల్లో వచ్చేటట్లు చేయించండి.

పత్రంలో, ఇక్కడ మానుకున్న తరువాత రెండేండ్లు ఇటువంటి వ్యాపారంలో పనిచేయరాదు అని కూడా ఉన్నది. అది చూసి మనవాడు భయపడినాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం, ఎవరి బతుకుదెరువునైనా ఆపే ఒడంబడిక చెల్లదు. కొలువు మానిన తరువాత ఇటువంటి నిర్బంధాన్ని మన కోర్టులు సాధారణంగా అమలుచేయవు. కొలువులో ఉండగా మాత్రం రెండు పడవల మీద కాళ్లు పెట్టరాదు. కంపెనీ రహస్యాలు బయటపెట్టడం ఎప్పుడూ తప్పే. ఆ వాక్యం తీసివేయమని మర్యాదగా అడగమన్నాము.

యజమాని ఆ వాక్యం తీసివేసినాడు. జీతం, ఊరు, దుకాణాల సంఖ్య ఒప్పుకున్నాడు. వాటాల షరతులు మార్చనన్నాడు. నోటీసు ఒక నెలకే ఒప్పుకున్నాడు. అన్నీ నోటిమాటగా గాక కొత్త పత్రంలో రాసి ఇచ్చినాడు. మనవాడు వెంటనే చేరలేదు. మూడు నెలల గడువు అడిగి, ఆ మూడు నెలలు ఇంట్లో పొదుపు చేసి, పాత కొలువులో రావలసిన ప్రోత్సాహకం తీసుకుని, 90 వేలను 2 లక్షల 16 వేలు చేసినాడు. అందులో తండ్రి మందుల డబ్బు పోస్టాఫీసులో వేరుగా వేసి పుస్తకం భార్య చేతికి ఇచ్చినాడు. దసరాకు చేరినాడు.

ఈనాటికి 31 దుకాణాలవారు డబ్బు కట్టినారు. కంపెనీ చేతిలో ఉన్న డబ్బు మరి రెండు నెలలకు సరిపోతుంది. కొత్త మదుపుదారులతో మాటలు నడుస్తున్నవట. వారు డబ్బు పెట్టవచ్చు, పెట్టకపోవచ్చు. పెట్టకపోతే ఆషాఢానికి మనవాడు మళ్లీ కొలువు వెదకవలె. ఆ సంగతి అతనికి తెలుసు, భార్యకు తెలుసు, తండ్రికి తెలుసు. తెలిసి చేసిన సాహసం వేరు, తెలియక దూకడం వేరు.

అందరూ ఇట్లా చేరవలెనని మా మాటకు అర్థం కాదు. ఇంట్లో సంపాదించేవాడు ఒక్కడే అయి, చేతిలో నాలుగు నెలల ఖర్చైనా లేకపోతే, ఎంత మంచి కంపెనీ అయినా ఆగడమే మంచిది. పెండ్లి కాని పిల్లలకు, భార్యాభర్తలిద్దరూ సంపాదించే ఇంటికి లెక్క వేరుగా ఉంటుంది. ఎవరి రాశి ఫలం వారిది. కాని పద్దులు మాత్రం అందరికీ నాలుగే.

చివరగా సంఘానికి ఒక విజ్ఞప్తి. మన సభ్యులలో లెక్కలు తెలిసినవారు, కోర్టు పని తెలిసినవారు, మార్కెట్టులో తల పండినవారు ఉన్నారు. నెలకు ఒక ఆదివారం రెండు గంటలు సంఘం గదిలో కూర్చుని, నియామక పత్రాలు తెచ్చిన పిల్లలకు చదివి చెప్పే ఏర్పాటు చేయవలెనని కోరుతున్నాము. వద్దని గాని, చేరమని గాని చెప్పనక్కర లేదు. ఏమి అడుగవలెనో చెపితే చాలు. ఆడపిల్లలకు కూడా ఇటువంటి పత్రాలు వస్తున్నవి. వారు మొహమాటపడకుండా రావడానికి మహిళా సభ్యులు ఒకరిద్దరు తప్పక ఉండవలె. మా వంతు మొదటి ఆదివారం మేము వస్తాము.

ఈ ఉదయం మన పొరుగువారు గుడి ఎత్తినారు, మనం పచ్చడి కలుపుకున్నాము. ఒకే రోజున రెండు భాషల్లో ఉగాది చేసుకునే భాగ్యం మనది. ఈ ఊరు మనకు అన్నం పెట్టినది, మన పిల్లలకు మూడు భాషలు ఇచ్చినది. ఆ పిల్లలు ఎక్కడ ఏ కొలువులో చేరినా, కళ్లు తెరిచి చేరుదురుగాక, చేరిన చోట మన పేరు నిలుపుదురుగాక అని కోరుకుంటూ, మీకందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలియజేసి సెలవు తీసుకుంటున్నాము.

నమస్కారం.